అవ్వ కట్టే చీర పీలిక, ఇంకా మా ఇంటి పార్కు అలవాట్లు

ఒంగోలు చెల్లెమ్మా, మీరు అడిగింది రెండుసార్లు చదివా. డిసెంబర్ సెలవల్లో మొదటిసారి థీమ్ పార్కుకి పోతున్నాం, పాపకి తొమ్మిది, బాబుకి అయిదు, అత్తమ్మ మామయ్య కూడా వస్తున్నారు, కొందరి ఇళ్ళల్లో పోయిన ప్రతిసారీ చేసే పద్ధతులు ఏవో ఉంటాయంట గదా, మేము ఏం మొదలుపెడితే పిల్లలకి పెద్దయ్యాక కూడా గుర్తుంటుంది, చెన్నై పోవాలా హైదరాబాద్ పోవాలా అని అడిగారు. మాది కావలి. 2004 నుంచి, కరోనా రోజులు తీసేస్తే, దాదాపు ప్రతి ఏడూ పోతూనే ఉన్నాం, ఒక్కోసారి ఇంట్లో నలుగురం, ఒక్కోసారి మరిది వాళ్ళతో కలిసి తొమ్మిదిమందిమి. అందుకని కాస్త ఎక్కువే రాస్తా, తీరిగ్గా చదువుకోండి.

ముందు ఒక మాట చెప్పాలి. కూర్చుని ఆలోచించి పెట్టుకున్న పద్ధతి ఒక్కటి కూడా మా ఇంట్లో నిలవలా. 2009లో అందరికీ ఒకే రంగు టీషర్టులు, వెనకాల ఇంటి పేరు ప్రింట్ చేయించాం, ఎంతో ఇష్టంగా చేయించాం, మళ్ళీ ఏడు పిల్లలకి పొట్టి అయిపోయాయి, ఆ తర్వాత ఎవరూ అడగను కూడా అడగలా. నిలిచినవన్నీ ఏదో భయానికో, ఎవరో ఏడుస్తుంటే ఊరుకోబెట్టడానికో, క్యూలో విసుగు పుట్టకుండా ఉండటానికో పుట్టినవే. కాబట్టి మీరు పది పెట్టుకోబాకండి. ఒకటో రెండో పెట్టుకోండి, మిగతాది ఆ రోజే తెచ్చి ఇస్తుంది.

మా ఇంట్లో అన్నిటికంటే పెద్దది చీర పీలిక. అది భయం నుంచి పుట్టింది. 2006 వేసవిలో ఒక పార్కులో (పేరు ఎందుకులే) మా చిన్నోడు తప్పిపోయాడు. వాడికి అప్పుడు అయిదేళ్ళు, మీ బాబు వయసే. నేను వాడు మా ఆయన దగ్గర ఉన్నాడనుకున్నా, ఆయన నా దగ్గర ఉన్నాడనుకున్నాడు, మైకులో పిలిపించమంటే ఏం చొక్కా వేసుకున్నాడమ్మా అని అడిగారు, నాకు గుర్తు రాలా. తల్లినయ్యుండి పొద్దున నా చేత్తో తొడిగిన చొక్కా రంగు గుర్తు రాలా. నలభై నిమిషాల తర్వాత బుడగలు అమ్మే ఆయన పక్కన కూర్చుని కనపడ్డాడు, వాడు ఏడవను కూడా లేదు, ఏడ్చింది మేమే. ఇంటికొచ్చాక మా అత్తమ్మ ఏమీ అనలా, ఒక్క మాట అనలా. మళ్ళీ ఏడు బయల్దేరే ముందు మాత్రం పాత వెంకటగిరి నూలు చీర ఒకటి తీసింది, ఉతికి ఉతికి పసుపు రంగు లేతగా అయిపోయిన చీర, దాన్ని రెండు వేళ్ళ వెడల్పున పీలికలుగా చించి ఇంట్లో ప్రతి ఒక్కరి కుడిచేతికీ కట్టింది, మా ఆయనకి కూడా, కారు డ్రైవర్‌కి కూడా. ఎవరన్నా అడిగితే పసుప్పచ్చ గుడ్డ కట్టుకున్న పిల్లోడు అని చెప్పొచ్చు, పిల్లోడు కూడా ఇదే గుడ్డ ఉన్న చెయ్యి పట్టుకోవాలి, వేరే చెయ్యి పట్టుకోకూడదు, అంతే ఆమె చెప్పింది. ఎంత బాగా పనిచేసిందంటే గుంపులో మా వాడు మొహాలు చూడటం మానేసి చేతులు చూడటం మొదలుపెట్టాడు.

దాంట్లో రెండు జాగ్రత్తలు. పీలిక మీద లోపలివైపు ఫోన్ నంబరు మార్కర్‌తో రాయండి, నీళ్ళకి చెరగని మార్కర్. కొసలు వేలాడకుండా దగ్గరికి కట్టండి, రైడ్లలో వేలాడేది ఏదీ ఉండకూడదు. నీళ్ళ రైడ్లు ఉన్న పార్కుల్లో నూలు బట్టలతో లోపలికి దిగనివ్వరు, నైలాన్ బట్టలే వేసుకోవాలి, కానీ చేతికున్న ఈ చిన్న పీలికని మమ్మల్ని ఇన్నేళ్ళలో ఎవరూ ఏమీ అనలా.

మా అత్తమ్మకి ఇప్పుడు ఎనభై నాలుగు. 2015 నుంచి మోకాళ్ళ నొప్పులతో ఆమె రావడం మానేసింది. ఇంక పీలిక సంగతి ఏమవుద్దో అనుకున్నా. ఆమె ఏం చేసిందంటే ఇంటి దగ్గరే తెల్లారుజామున మూడింటికి లేచి గడప లోపల కూర్చుని అందరికీ కట్టి, ఇది నేనే విప్పాలి, మీరు విప్పుకోబాకండి అంది. అప్పట్నుంచి అదొక కట్టుబాటు అయిపోయింది, ఎక్కడికి పోయినా తిరిగొచ్చి ఆమె ముందు కూర్చుంటేనే ముడి విప్పేది. దీని గురించి చివర్లో మళ్ళీ చెప్తా, ఎందుకంటే అసలు సంగతి కట్టడంలో లేదు, విప్పడంలో ఉంది.

ఇక రెండోది, మీ ఇంట్లో తప్పకుండా పనికొచ్చేది, ఆగినోళ్ళ ఐస్‌క్రీం. మీ బాబుకి అయిదేళ్ళు గదా, సగం రైడ్ల దగ్గర ఎత్తు గీత బోర్డు ఉంటుంది, వాడు ఆ గీతకి అందడు. అక్క పైకి పోతా ఉంటే తమ్ముడు కింద నిలబడి ఏడ్చే ఏడుపు మామూలుగా ఉండదు. 2008లో బెంగళూరు వండర్‌లాకి పోయినప్పుడు మా వాడు అట్టానే ఏడిస్తే మా తోటికోడలు అప్పటికప్పుడు ఒక రూలు పెట్టింది: రైడ్ ఎక్కినోళ్ళకి ఐస్‌క్రీం లేదు, ఆగినోళ్ళకే. ఎంత బతిమాలినా ఎక్కినోళ్ళకి లేదు. అరగంటలో మా పెద్దమ్మాయి నేను కూడా ఆగుతా అని వచ్చింది చూడండి! ఇప్పటికీ అదే రూలు, ఇరవై నాలుగేళ్ళ నా కొడుకు తన చెల్లెలు (మా మరిది కూతురు) ఎక్కలేని రైడ్ దగ్గర తను కూడా ఆగి కూర్చుంటాడు, ఐస్‌క్రీం కోసమే అంటాడు, నాకు తెలుసు దానికోసం కాదని. మీ మామయ్య గారు కూడా పెద్ద రైడ్లు ఎక్కరు గదా, ఆయన్నీ ఈ జట్టులో వెయ్యండి. తాత, మనవడు ఒకే జట్టు అయిపోతారు, ఆయనకి తోడు దొరుకుద్ది, వాడికి గౌరవం దొరుకుద్ది.

దీనికి జతగా ఇంటి గుమ్మం మీద గీతలు. పోయే ముందు రోజు రాత్రి పిల్లల్ని గుమ్మానికి ఆనించి నిలబెట్టి పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాస్తాం. మొదట్లో ఇది లెక్క కోసమే, వండర్‌లాలో పిల్లల టికెట్టు వయసుని బట్టి కాదు, ఎత్తుని బట్టి, 140 సెంటీమీటర్లు దాటితే పెద్దల టికెట్టే, అందుకని ఇంటి దగ్గరే కొలుచుకునేవాళ్ళం. మా పెద్దమ్మాయి 140 దాటిన ఏడు మాకు టికెట్టు డబ్బులు ఎక్కువయ్యాయి కానీ అది మాత్రం ఊళ్ళో అందరికీ చెప్పుకుంది, నాకు పెద్దోళ్ళ టికెట్టు కొన్నారు అని. ఇల్లు రంగులు వేయించినప్పుడు ఆ గుమ్మం ఒక్కదానికి వెయ్యనియ్యలా మేము. మీది అద్దె ఇల్లయితే గుమ్మం మీద గియ్యబాకండి, ఒక పొడుగాటి చెక్క పలక మీదో, పాత దుప్పటి అంచు మీదో గియ్యండి, ఇల్లు మారినా మీతో వస్తుంది.

చెన్నై వీజీపీ గురించి చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. మన నెల్లూరు వైపు వాళ్ళకి చిన్నప్పటి పార్కు అంటే ఈసీఆర్ రోడ్డులో ఉండే వీజీపీనే గదా, నేను కూడా ఇస్కూల్ టూర్‌లో మొదటిసారి చూసింది అదే. అక్కడ గేటు దగ్గర రాజుల కాలం కాపలాదారు వేషంలో ఒకాయన కదలకుండా, నవ్వకుండా బొమ్మలాగా నిలబడి ఉండేవాడు, ఎవరు ఏం చేసినా కదిలేవాడు కాదు. అందరు పిల్లల్లాగానే మావాళ్ళు కూడా 2004లో ఆయన ముందు కోతి చేష్టలు చేశారు. మా అత్తమ్మ చూసి చాలా కోప్పడింది, ఎండలో నిలబడి అన్నం సంపాదించుకుంటుండాడు ఆయన, నవ్వించి ఆయన పని చెడగొట్టబాకండి, చేతనైతే ఆయనలాగా మీరు ఒక్క నిమిషం నిలబడండి చూద్దాం అంది. నలుగురూ నిలబడ్డారు, ఒక్క నిమిషం నిలబడలేకపోయారు. అప్పుడు వాళ్ళంతట వాళ్ళే ఆయనకి దణ్ణం పెట్టి వచ్చారు. అదే మా ఇంట్లో బొమ్మమనిషి ఆట అయింది. ఇప్పుడు ఏ పార్కులో ఏ క్యూలో నిలబడినా అదే ఆట, ముందు కదిలినోళ్ళు నీళ్ళ సీసాల సంచి మొయ్యాలి. గంట క్యూలు కూడా దీంతో గడిచిపోయాయి మాకు, ఫోన్లు బయటికి తీసే అవసరమే రాలా. పిల్లలకి చెప్పి చూడండి, ముఖ్యంగా అయిదేళ్ళ వాళ్ళకి ఈ ఆట భలే ఇష్టం.

తిండి సంగతి. మన దేశంలో చాలా పార్కుల్లో బయటి తిండి లోపలికి తేనివ్వరు, గేటు దగ్గరే తీసి పెట్టమంటారు. అందుకని మా తిండి అలవాట్లన్నీ దారిలోనే. చెన్నై పోయేటప్పుడు తెల్లారకముందే సూళ్ళూరుపేట చెంగాళమ్మ గుడి దగ్గర ఆగుతాం, ఆ గుడికి తలుపులు వెయ్యరనే సంగతి మీకు తెలిసే ఉంటుంది, అమ్మవారికి దణ్ణం పెట్టుకుని, కారు దగ్గరే స్టీలు క్యారియర్ విప్పి నిమ్మకాయ పులిహోర తింటాం. గూడూరు నిమ్మకాయలే, మా అత్తమ్మకి వేరేవి నచ్చవు. హైదరాబాద్ పోయేటప్పుడయితే సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ప్రయాణం, కావలిలో ఎక్కగానే పొట్లాలు విప్పటం, పై బెర్తు ఎవరికి అని చీటీలు వెయ్యటం, అది కూడా పార్కు ట్రిప్పులో భాగమే పిల్లలకి. నన్నడిగితే పిల్లలకి పార్కు గేటు దగ్గర మొదలవదు, ఆ చీటీల దగ్గరే మొదలవుద్ది. ఇంకోటి, ఇది ఎందుకు మొదలైందో నాకే గుర్తు లేదు, మొదటి రైడ్ ఏదో ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళు చెప్పాలి, చివరి రైడ్ అందరికంటే పెద్దవాళ్ళు చెప్పాలి. పెద్దవాళ్ళు ఎప్పుడూ జెయింట్ వీల్ చెప్తారు, పైనుంచి పొద్దుగూకటం చూసి దిగటం, ఇంటికి పోదాం పదండి అంటే అప్పుడు ఎవరూ మారాం చెయ్యరు.

మా పెద్దమ్మాయి అమెరికాలో ఎమ్మెస్ అయ్యి ఉద్యోగంలో చేరిన ఏడు, 2019 మే నెలలో, మమ్మల్ని ఫ్లోరిడా తీసుకుపోయింది, ఆర్లాండోలో ఉండే డిస్నీ వరల్డ్. దాంట్లో నాలుగు పార్కులు ఉంటాయి, మేము చూసింది మ్యాజిక్ కింగ్‌డమ్, 1971 అక్టోబర్‌లో తెరిచిన మొదటి పార్కు అదే. కారు పార్కింగ్ ఒకచోట, పార్కు చెరువు అవతల, మేము పెద్ద పడవలో దాటి పోయాం, పడవలోంచి ఆ కోట కనపడతా ఉంటే మా ఆయన మాట్లాడకుండా నిలబడిపోయాడు. నాకు ఆశ్చర్యం వేసింది ఏందంటే అక్కడ ఇంటి తిండి లోపలికి తీసుకుపోవచ్చు! గాజు సీసాలు, మందు లాంటివి తప్ప మనం తినడానికి తెచ్చుకున్నది చాలావరకు ఒప్పుకుంటారు. సంచి తెరిచి చూశారు, పులిహోర డబ్బా చూసి మూత పెట్టి ఇచ్చేశారు. సూళ్ళూరుపేటలో తినే పులిహోర ఆ ఏడు ఆ కోట ఎదురుగా కూర్చుని తిన్నాం. మొదటిసారి వచ్చినోళ్ళకి అక్కడ ఫస్ట్ విజిట్ అని రాసిన గుండ్రటి బ్యాడ్జి ఊరికే ఇస్తారు, అడిగితే చాలు. మా ఆయన దాన్ని ఇప్పటికీ బీరువా తలుపుకి లోపల గుచ్చి పెట్టుకున్నాడు. అక్కడి కుటుంబాలు కూడా వాళ్ళ పద్ధతులు వాళ్ళు పెట్టుకున్నారు, పొద్దున్నే పార్కు తెరిచి అడ్డం కట్టిన తాడు తీసే టయానికి ముందు వరసలో నిలబడటం, బొమ్మలుండే బ్యాడ్జి పిన్నులు ఒకరితో ఒకరు మార్చుకోవటం, పిల్లలు బొమ్మ వేషాల వాళ్ళ దగ్గర చిన్న పుస్తకంలో సంతకాలు పెట్టించుకోవటం. చూస్తే మన తిరణాళ్ళలో మనం చేసేదే అనిపించింది, ఏటా అదే చోట నిలబడాలి, అదే కొనాలి, అదే తినాలి.

ఆ ట్రిప్పుకి కూడా పీలికలు ఇక్కణ్ణించే పోయాయి. మా అత్తమ్మ మాకు కావలిలోనే కట్టింది, అమ్మాయి కోసం ఇంకోటి చించి మడిచి నా పర్సులో పెట్టింది. రాత్రి బాణసంచా అయ్యాక పది గంటలకి అక్కడే ఒక బెంచీ మీద కూర్చుని వీడియో కాల్ చేశాం, ఇక్కడ అప్పుడు పొద్దున ఏడున్నర, ఆమె కాఫీ తాగతా ఉంది. నేను విప్పాలి గదా, ఇప్పుడెట్టా అంది. నీ తరఫున నేను విప్తా అవ్వా, నువ్వు చూస్తా ఉండు అని మా అమ్మాయి తన ముడి తనే విప్పుకుంది. మాది విప్పలా, కావలి వచ్చిందాకా, మూడు వారాలు అట్టానే ఉంచుకుని ఆమె ముందే విప్పించుకున్నాం.

ఇంక మీరు అడిగిన చెన్నైనా హైదరాబాదా అన్నదానికి నా జవాబు: మీ ఇంట్లో అయిదేళ్ళ బాబు, పెద్దవాళ్ళు ఇద్దరు ఉన్నారు కాబట్టి డిసెంబర్‌లో రామోజీ ఫిల్మ్ సిటీ. 1996 నుంచి ఉన్న చోటు, 1,666 ఎకరాలతో ప్రపంచంలోనే పెద్ద ఫిల్మ్ స్టూడియోగా గిన్నిస్ రికార్డు ఉన్నది, కానీ అది కాదు కారణం. అక్కడ ఎక్కువ భాగం బస్సులో కూర్చుని చూడొచ్చు, షోలు కూర్చుని చూసేవి, మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకి తేలిక. మీకు ఇంకో సుఖం ఏందంటే ఒంగోలు నుంచి అద్దంకి, నార్కట్‌పల్లి రోడ్డులో పోయి విజయవాడ హైవే ఎక్కితే హైదరాబాద్ ట్రాఫిక్‌లోకి దిగకుండానే ఫిల్మ్ సిటీ వచ్చేస్తుంది. పొద్దున పాటలతో డాన్సులతో గేటు దగ్గర ఓపెనింగ్ సెరిమనీ చేస్తారు, అది తప్పకుండా అందుకోండి, సాయంత్రం ముగింపు కార్యక్రమం అయిందాకా ఉండండి, చలికాలంలో దీపాల అలంకారం కూడా ఉంటుంది. మేము అక్కడ హవామహల్ దగ్గర ఏ ఏడు పోయినా ఒకే వరసలో నిలబడి ఫోటో తీసుకుంటాం, పొడుగు వరస కాదు, ఎవరి పక్కన ఎవరు మొదటిసారి నిలబడ్డారో అదే వరస, అత్తమ్మ నిలబడే చోటు ఖాళీగానే వదులుతాం. చెన్నై అయితే డిసెంబర్ మొదట్లో వానలు, తుఫాన్లు మనకి తెలిసినవే, సగం రోజు తడిసిపోతే పెద్దవాళ్ళకి కష్టం. నీళ్ళ పార్కులు హైదరాబాద్‌లో అయినా డిసెంబర్ చలికి చిన్నపిల్లలకి వద్దు, వేసవికి దాచుకోండి. పెద్దపిల్లలు ఉన్న ఇళ్ళ వాళ్ళు ఎవరన్నా ఇది చదువుతుంటే, ఎండాకాలంలో హాల్ టికెట్ చూపిస్తే టికెట్టు తగ్గించే పార్కులు ఉన్నాయి, టెన్త్ ఇంటర్ పరీక్షల హాల్ టికెట్ పారెయ్యబాకండి.

పిల్లలు పద్నాలుగు పదిహేను ఏళ్ళప్పుడు ఇవన్నీ చిన్నపిల్లల పనులు అంటారు, మా పెద్దమ్మాయి కూడా రెండేళ్ళు పీలిక కట్టుకోనంది. మా అత్తమ్మ బలవంతపెట్టలా, దాని పీలిక దాని బ్యాగులో పెట్టి పంపింది. మూడో ఏడు అదే వచ్చి చెయ్యి చాపింది. మీరు కూడా అట్టానే వదిలెయ్యండి.

ఇక విప్పేది. తిరిగొచ్చేసరికి ఇంట్లో ముందురోజు వండిన చేపల పులుసు మామిడికాయ ముక్కలతో బాగా ఊరి ఉంటుంది, వేడన్నంలో అది తిని, కాళ్ళు కడుక్కుని, ఒక్కొక్కళ్ళం అవ్వ మంచం పక్కన కూర్చుని చెయ్యి ఇస్తాం. ఆమె ముడి విప్పుతున్నంత సేపూ ఆ చెయ్యి ఎవరిదో వాళ్ళు చూసింది చెప్పాలి, ముడి ఊడిందంటే మాట ఆపాలి, తర్వాత వాళ్ళు కూర్చోవాలి. ఎక్కడ భయం వేసింది, ఎవరు ఏడ్చారు, ఏం తిన్నారు, పక్కన కూర్చున్నోళ్ళు ఏ ఊరోళ్ళు, అన్నీ అడుగుద్ది. ఆమె వేళ్ళు ఇప్పుడు వణుకుతాయి, ఒక్కో ముడికి చాలాసేపు పడుతుంది, అయినా కత్తెర ఇస్తానంటే ఒప్పుకోదు. మా చిన్నోడు కారు దిగే ముందు తన పీలికకి ఎవరూ చూడకుండా ఇంకో రెండు ముళ్ళు వేసుకుంటాడు. ఆమెకి తెలుసు.

మీ అత్తమ్మ గారు మీతో వస్తున్నారు కాబట్టి కట్టేది, విప్పేది ఆమెకే అప్పజెప్పండి. చీర మాత్రం బాగా ఉతికిన పాత నూలుదే చూడండి, కొత్త గుడ్డ అయితే చెమటకి రంగు దిగి పిల్లల చేతికి అంటుకుంటుంది. పీలిక అడ్డంగా చించితే పొట్టిగా వస్తుంది, బాబు చేతికి చుట్టి ముడి వేసేంత ఉంటే సరిపోద్ది.